తెలుగు పరిశోధన పరిభాష: చారిత్రక పరిణామం - యారాడ నిదర్శనంగా

వ్యాససంగ్రహం:

తెలుగులో పరిశోధన చదవడానికి, రాయడానికి అవసరమైన పదజాలం ఒకే కాలంలో, ఒకే సంస్థలో తయారైనది కాదు. తర్కశాస్త్రం, గ్రంథపరిష్కరణ, విశ్వవిద్యాలయ వ్యవస్థ, పదకోశ నిర్మాణం అనే నాలుగు మూలాలనుంచి అది క్రమంగా ఏర్పడింది. ఒక్కొక్క పదం తన పూర్వార్థాన్ని కొంత వెంట తెచ్చుకొంది, కొంత వదులుకొంది. ఈ చరిత్ర తెలియనప్పుడు పరిశోధకులు పదాలను ఆంగ్లపదాలకు బదులుగా పెట్టుకొనే గుర్తులుగానే వాడతారు. అప్పుడు పదాల మధ్య భేదాలు చెరిగిపోతాయి, భేదాలతోపాటు వాస్తవాలూ చెరిగిపోతాయి. విశాఖపట్నం సమీపంలోని యారాడ ప్రాంతాన్ని నిదర్శనంగా తీసుకొని ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: పరిశోధన, పరిభాష, ప్రమాణం, ఆకరం, దత్తాంశం, వృత్తిపదాలు, నిర్వాసితులు, యారాడ.

1. ఉపోద్ఘాతం:

‘పరిశోధన’ అనే పదానికి మూలమైన ‘శుధ్’ ధాతువుకు శుద్ధి చేయడం అని అర్థం. మలినాన్ని తొలగించి స్వచ్ఛమైనదాన్ని మిగల్చడం ఇందులోని భావం. పొరుగు భాషలు ఇదే పనికి వేర్వేరు భావనలను ఎన్నుకొన్నాయి. బెంగాలీలో ‘గవేషణ’ అంటారు. తప్పిపోయిన ఆవులను వెదకడం అనేది ఆ పదం తొలి అర్థం. మరాఠీ, కన్నడ భాషలు ‘సంశోధన’ను స్వీకరించాయి. తమిళం ‘ఆయ్వు’, ‘ఆరాయ్చ్చి’ అనే దేశ్యపదాలను నిలుపుకొంది. హిందీలో ‘శోధ్’, ‘అనుసంధాన్’ రెండూ వాడుకలో ఉన్నాయి. వెదకడం, శుద్ధి చేయడం, కలిపి చూడడం అనే మూడు భావనలు ఇలా ఒకే పనికి పేర్లయ్యాయి. తెలుగు పరిశోధన చరిత్రలో శుద్ధి చేయడం అనే భావన ముందుకు రావడానికి కారణం ఉంది. ఆధునిక కాలంలో తెలుగులో జరిగిన తొలి పరిశోధనల్లో ఎక్కువ భాగం గ్రంథపాఠాలను శుద్ధి చేసే పని.

నేడు తెలుగులో సిద్ధాంతవ్యాసం రాసే విద్యార్థి పరికల్పన, ఆకరం, దత్తాంశం, విశ్లేషణ, ఉపపత్తి వంటి పదాలను తొలి అధ్యాయంనుంచే వాడవలసి వస్తుంది. వీటిలో చాలా పదాలు ఇంట్లో, వీధిలో, పాఠశాలలో వినిపించవు. కొన్ని వినిపించినా వేరే అర్థంలో వినిపిస్తాయి. తమ కుటుంబంలో తొలిసారి విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థులకు ఈ దూరం మరింత ఎక్కువ. పరిభాషను జాబితాగా కంఠస్థం చేయడంవల్ల ఆ దూరం తగ్గదు. పదం ఏ పనికోసం పుట్టిందో, ఏ భేదాన్ని కాపాడడానికి నిలిచిందో తెలిస్తేనే తగ్గుతుంది.

2. తర్కశాస్త్ర వారసత్వం:

తెలుగు పరిశోధన పరిభాషలో అత్యంత ప్రాచీనమైన పొర తర్కశాస్త్రానిది. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను చెప్పింది. ఇతరులకు ఒక విషయాన్ని నిరూపించే వాక్యసముదాయానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు అవయవాలను నిర్దేశించింది. ఇందుకు సంప్రదాయం వాడే ఉదాహరణ కొండమీది పొగ. కొండమీద నిప్పు ఉందనడం ప్రతిజ్ఞ. పొగ కనబడడం హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటశాలను చూపడం ఉదాహరణ. ఈ కొండమీదా అటువంటి పొగే ఉందనడం ఉపనయం. కాబట్టి నిప్పు ఉందని తేల్చడం నిగమనం.

ఈ ఉదాహరణను యారాడ కొండకు అన్వయించి చూస్తే దాని పదును తెలుస్తుంది. సముద్రానికి ఆనుకొని ఉన్న ఆ కొండమీద శీతకాలపు ఉదయాల్లో పొగమంచు పడితే దూరంనుంచి చూసేవారికి అది పొగలా తోచవచ్చు. మంచును పొగగా భ్రమించి నిప్పు ఉందని తేల్చడాన్ని నైయాయికులు దోషంగానే పరిగణించారు. అసలు హేతువు కానిది హేతువులా కనబడితే అది హేత్వాభాస. చుట్టూ ఓడరేవు, పరిశ్రమలు ఉన్న ప్రాంతంలో కొండమీద కనబడే తెర మంచా, పొగా, ధూళా అన్నది తేలకుండా నిగమనానికి పోరాదు. నేటి పరిశోధన పద్ధతి చెప్పే జాగ్రత్త కూడా ఇదే.

అయితే ఈ పొరలోని పదాలు నేటి వాడుకలో అర్థం మార్చుకొన్నాయి. శాస్త్రంలో ‘అనుమానం’ అంటే హేతువునుబట్టి పొందే నిశ్చయజ్ఞానం. నేటి తెలుగులో అనుమానం అంటే సందేహం. శాస్త్రంలో ‘సాధ్యం’ అంటే సాధించవలసిన అంశం. వాడుకలో అది వీలైనది. ‘వ్యాప్తి’ శాస్త్రంలో పొగకూ నిప్పుకూ ఉన్న తప్పనిసరి సంబంధం. వాడుకలో విస్తరించడం. ‘ప్రతిజ్ఞ’ శాస్త్రంలో నిరూపించదలచిన ప్రతిపాదన. వాడుకలో శపథం. ‘ఉపాధి’ మరింత ఆసక్తికరమైన పదం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని ఎవరైనా అంటే, తడి కట్టె ఉన్నప్పుడే పొగ వస్తుందని నైయాయికుడు సవరిస్తాడు. ఆ తడి కట్టె సంబంధమే ఉపాధి. నేటి తెలుగు పాఠకుడికి ఉపాధి అంటే జీవనోపాధి, ఉపాధి హామీ పథకం.

కనుక ప్రాచీన శాస్త్రగ్రంథాలను చదివే పరిశోధకుడు నేటి అర్థాన్ని అక్కడ ఆరోపించరాదు. నేటి పాఠకుడికోసం రాసేటప్పుడు శాస్త్రార్థం స్వయంగా స్ఫురిస్తుందని భావించనూరాదు. అనుమానం అనే పదాన్ని శాస్త్రార్థంలో వాడితే తొలి ప్రయోగంలోనే నిర్వచించవలసి ఉంటుంది.

3. గ్రంథపరిష్కరణ సంప్రదాయం:

రెండో పొర తాళపత్ర ప్రతులనుంచి ముద్రిత గ్రంథాలకు సాగిన ప్రయాణంలో ఏర్పడింది. 19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు కావ్యాల ప్రతులను పలుచోట్లనుంచి సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులను తయారు చేయించారు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ప్రతుల సేకరణను, ప్రకటనను సంస్థాగతం చేసింది. ఆ పరిషత్తు కృషినుంచే సూర్యరాయాంధ్ర నిఘంటువు రూపొందింది.

ప్రతి, మాతృక, పాఠం, పాఠాంతరం, ప్రక్షిప్తం, పరిష్కర్త, పీఠిక వంటి పదాలు ఈ పనిలో స్థిరపడ్డాయి. వీటి వెనుక స్పష్టమైన ప్రక్రియ ఉంది. పలు ప్రతులు ఉన్నప్పుడే పాఠాంతరం అనే మాట అవసరమవుతుంది. మూలంలో లేని పద్యం తరువాత చేరిందని చూపగలిగినప్పుడే ప్రక్షిప్తం అనే తీర్పు చెల్లుతుంది. ‘పరిష్కరణ’ అంటే ఇక్కడ పాఠాన్ని నిర్ణయించడం. నేడు ‘పరిష్కారం’ సమస్యకు సమాధానమనే అర్థంలోనే ఎక్కువగా వినబడుతోంది. 20వ శతాబ్ది ఆరంభంనాటి పీఠికలు చదివే విద్యార్థి ఈ తేడాను గమనించకపోతే పరిష్కర్త చేసిన పని ఏమిటో గ్రహించలేడు.

ఇదే కాలంలో శాసన పరిశోధనా విస్తరించింది. విశాఖపట్నం పరిసరాల్లో సింహాచల దేవాలయ శాసనాలు 11వ శతాబ్ది చివరినుంచి లభిస్తున్నాయి. శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్ర నాటి శాసనాలూ అక్కడ ఉన్నాయి. శాసనపాఠాన్ని చదివే పద్ధతి పరిశోధన రచనకు ఒక నియమాన్ని అందించింది. చెదరిన అక్షరాలను చెదరినట్లే చూపాలి, ఊహించి పూరించినవాటిని వేరుగా గుర్తించాలి. రాతిమీద ఉన్నదీ పరిశోధకుడు ఊహించినదీ కలిసిపోరాదు. ‘ఉట్టంకించు’ అనే మాటలో ‘టంకం’ ఉంది. టంకమంటే రాతిని చెక్కే ఉలి. ఇతరుల మాటను ఉటంకించేటప్పుడు చెక్కినట్లు యథాతథంగా ఉంచాలన్న భావాన్ని ఆ పదం గుర్తుచేస్తుంది.

4. విశాఖ మండలం, విశ్వవిద్యాలయం:

మూడో పొర విద్యావ్యవస్థది. ఇందులో ఉత్తరాంధ్ర పాత్ర ప్రత్యేకమైనది. 1906 ప్రాంతంలో పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్ పాఠ్యపుస్తకాల భాషకూ ప్రజల భాషకూ ఉన్న అంతరాన్ని ప్రశ్నించారు. ఆ ప్రశ్న విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి, విజయనగరంలోని గురజాడ అప్పారావులను కలిపింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఈ వివాదాన్ని సాధారణంగా కావ్యభాషకూ వ్యావహారికానికీ మధ్య పోరాటంగా చెబుతారు. పరిశోధన చరిత్ర దృష్టితో చూస్తే ఇది ప్రమాణాన్ని గురించిన చర్చ కూడా. భాషను గురించి మాట్లాడేవారికి వ్యాకరణగ్రంథం ప్రమాణమా, జనుల ప్రయోగం ప్రమాణమా అన్నది అందులోని ప్రశ్న.

గిడుగు తమ సమాధానాన్ని వాదంలోనే కాక ఆచరణలోనూ చూపారు. సవర భాష మాట్లాడేవారినుంచి నేరుగా ఆ భాషను నేర్చుకొని పదాలు, పాటలు, కథలు సేకరించారు. ఆయన సవర భాషా బోధిని 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నేడు ‘క్షేత్రపరిశోధన’ అని పిలిచే పనిని తెలుగునాట ఆ పేరు స్థిరపడకముందే ఆయన చేశారు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలుత బెజవాడలో ఉండి 1930లో వాల్తేరుకు తరలింది. దానికి ‘ఆంధ్ర విశ్వకళాపరిషత్తు’ అని పేరు. సి.ఆర్. రెడ్డి నిర్వహించిన పదవిని అప్పట్లో ‘ఉపాధ్యక్షుడు’ అనేవారు. విశ్వవిద్యాలయం, ఉపకులపతి అనే పదాలు తరువాత వ్యాపించాయి. ఒకే సంస్థకు, ఒకే పదవికి పేర్లు మారిన ఈ తీరు పాత నివేదికలు చదివేవారికి తెలిసి ఉండాలి. చిలుకూరి నారాయణరావు ‘ఆంధ్ర భాషా చరిత్రము’ను ఈ విశ్వవిద్యాలయమే 1937లో ప్రచురించింది. భాషాశాస్త్ర విషయాలను తెలుగులోనే సవిస్తరంగా చర్చించడానికి ఆ గ్రంథం పదజాలాన్ని సమకూర్చవలసి వచ్చింది.

సిద్ధాంతవ్యాసాల భాష మాత్రం మరికొంతకాలం గ్రాంథికంగానే సాగింది. 1960ల చివరినుంచి 1970ల తొలినాళ్లలో విశ్వవిద్యాలయాలు ఆధునిక ప్రమాణభాషను పరిశోధన రచనకు అంగీకరించాయి. దీంతో క్రియారూపాలు మారాయి గాని పారిభాషిక పదాలు చాలావరకు సంస్కృతసమాలుగానే కొనసాగాయి. నేటి తెలుగు పరిశోధన వాక్యంలో వాడుక క్రియ, శాస్త్రీయ నామం పక్కపక్కన కనబడడానికి మూలం ఇక్కడ ఉంది.

5. పదకోశాల దశ - రెండు మార్గాలు:

స్వాతంత్ర్యానంతరం భారతీయ భాషల్లో ఉన్నతవిద్య లక్ష్యమైంది. కేంద్రప్రభుత్వం 1961లో శాస్త్ర సాంకేతిక పదావళి సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టం 1966లో వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ స్థాపితమై, పాఠ్యగ్రంథాలతోపాటు విషయాలవారీగా పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. ఇంగ్లీషు పదాన్ని ఆధారం చేసుకొని సంస్కృత ధాతువులనుంచి తుల్యపదాన్ని నిర్మించడం ఈ మార్గంలో ప్రధాన పద్ధతి. పరికల్పన, ప్రతిచయనం, దత్తాంశం వంటి పదాలు విద్యార్థులకు చేరింది ఈ దశలోనే.

దీనికి కొంత ముందే మరొక మార్గం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తిపదకోశాల్లో మొదటిది 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడింది. అది వ్యవసాయ పదాల సంపుటం. తరువాత చేనేత, వాస్తు మొదలైన వృత్తులకు సంపుటాలు వచ్చాయి. ఇక్కడ పద్ధతి తలకిందులైంది. పని చేసేవారి దగ్గరకు వెళ్లి, పనిముట్టును, పనిని చూపి, దానికి వారు వాడే పదాన్ని నమోదు చేశారు. ఏ పదం ఏ ప్రాంతంలో ఉందో గుర్తించారు. ఆ పదవ్యాప్తినిబట్టి తెలుగు ప్రాంతాన్ని పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించడం సాధ్యమైంది. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలు పూర్వమండలంలోకి వచ్చాయి.

మొదటి మార్గం లేకపోతే తెలుగులో సాంఖ్యకశాస్త్రాన్నో ఆర్థికశాస్త్రాన్నో బోధించడం కష్టం. రెండో మార్గం లేకపోతే తెలుగు సమాజాన్ని గురించిన పరిశోధనకు ఆధారమే ఉండదు. ఆచరణలో మాత్రం మొదటి మార్గం పదాలకే పరిశోధన గౌరవం దక్కింది. రెండో మార్గంలో సేకరించిన పదాలు నిఘంటువుల్లో పరిశోధన విషయంగా మిగిలాయి, పరిశోధకుడి సొంత వాక్యంలోకి అరుదుగా వచ్చాయి.

పనివారి పదం శాస్త్రపదం కాజాలదన్న భావనకు చరిత్రలో ఆధారం లేదు. దక్షిణ భారతపు ఉక్కును గురించి 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ‘వూట్జ్’ అనే పదం కనబడుతుంది. ‘ఉక్కు’ అనే మాట వినికిడిలోనో రాతలోనో వికృతి చెంది అలా మారిందని పండితుల అభిప్రాయం. కొలిమి దగ్గరి మాట ఆ విధంగా లోహశాస్త్రంలో అంతర్జాతీయ పదమైంది. విశాఖ కొండల్లో విస్తారంగా ఉన్న శిలకు భూగర్భశాస్త్రజ్ఞుడు టి.ఎల్. వాకర్ 1902లో ‘ఖోండలైట్’ అని పేరు పెట్టారు. తూర్పుకనుమల్లో నివసించే ఖోండు జనుల పేరది.

6. యారాడ క్షేత్రం - పదాల పరీక్ష:

యారాడ విశాఖపట్నం ఓడరేవుకు దక్షిణాన కొండ అవతల ఉన్న తీరగ్రామం. మూడువైపుల కొండలు, ఒకవైపు సముద్రం. కొండకు ఉత్తరపు అంచున ఓడరేవు ముఖద్వారం ఉంది. 1933లో ప్రారంభమైన ఓడరేవును అలలనుంచి కాపాడడానికి జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను ఈ కొండ సమీపంలోనే ముంచారు. కొండమీది దీపస్తంభం 1957 నాటిది. ఈ ప్రాంత చరిత్రను పరిశోధనకు స్వీకరిస్తే పరిభాషలోని ప్రతి ముఖ్యపదమూ పరీక్షకు నిలబడవలసి వస్తుంది.

మొదటిది పేరు. స్థానికుల మాటలో అది యారాడ కొండ. నావికుల పటాల్లో, పర్యాటక రచనల్లో డాల్ఫిన్స్ నోస్. సముద్రంవైపునుంచి చూసినవారికి కొండకొన డాల్ఫిన్ ముక్కులా కనబడడంవల్ల ఆ పేరు వచ్చింది. ఒక పేరు ఊరివైపునుంచి, మరొకటి ఓడవైపునుంచి చూసిన చూపును చెబుతాయి. పరిశోధకుడు రెంటిలో ఒకదాన్ని వివరణ లేకుండా వాడితే తాను ఎక్కడ నిలబడి చూస్తున్నాడో దాచినట్లవుతుంది.

రెండోది ఆకరం. సంస్కృతంలో ఆకరమంటే గని. బైలాడిలా గనులనుంచి విశాఖ రేవుకు చేరే ఇనుప ఖనిజం ఇనుము కానట్లే, ఆకరంలో దొరికినది అలాగే వాస్తవం కాదు. డి.ఎఫ్. కార్మైకేల్ 1869లో ప్రచురించిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1907లో సంకలనం చేసిన జిల్లా గెజిటీరు ఈ ప్రాంతానికి ముఖ్యమైన ఆకరాలు. ఇవి ప్రాథమికమా, ద్వితీయమా అన్నది పుస్తకాన్నిబట్టి కాక ప్రశ్ననుబట్టి తేలుతుంది. బ్రిటిష్ పాలకులు ఈ తీరాన్ని ఎలా చూశారన్న ప్రశ్నకు అవి ప్రాథమిక ఆకరాలు. మధ్యయుగంలో ఇక్కడి జనజీవనం ఎలా ఉండేదన్న ప్రశ్నకు అవి ద్వితీయ ఆకరాలే.

మూడోది రెవెన్యూ పదాలు. జిరాయితీ, ఇనాం, బంజరు, పోరంబోకు, డి-పట్టా, అడంగల్ వంటివాటిని ‘భూమి’, ‘భూమి పత్రాలు’ అని సరళీకరిస్తే చరిత్ర మాయమవుతుంది. విశాఖపట్నం జిల్లాలో జమీందారీల ప్రాబల్యం ఎక్కువ. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత భూమి హక్కులు కొత్త పేర్లతో నమోదయ్యాయి. ఒక కుటుంబం సాగుచేసిన నేల ఏ పేరుతో రికార్డుకెక్కిందన్న అంశంమీద ఆ తరువాత వచ్చే నష్టపరిహారం ఆధారపడుతుంది.

నాలుగోది మత్స్యకార వృత్తిపదాలు. తెప్ప, నావ, మరబోటు ఒకటి కాదు. మరబోటును నడిపే సరంగు, దానిలో పనిచేసే కళాసీ ఒకే హోదావారు కారు. తీరంనుంచి పలువురు కలిసి లాగే అలివి వల, సముద్రంలో చేపల గుంపును చుట్టుముట్టే రింగు వల వేర్వేరు శ్రమవిధానాలకు, వేర్వేరు పెట్టుబడులకు సంకేతాలు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల వాడకంపై మత్స్యకారుల మధ్య ఘర్షణ జరిగింది. ‘వల’ అని మాత్రమే రాసిన వ్యాసం ఆ ఘర్షణకు కారణాన్ని చెప్పలేదు.

అయిదోది అన్నిటికంటే కీలకమైనది. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం 1966లో పెద్ద ఉద్యమం సాగింది. 1971లో శంకుస్థాపన జరిగింది. కర్మాగారానికి భూములు, ఊళ్లు ఇచ్చినవారున్నారు. యారాడకు పొరుగున ఉన్న గంగవరంలో తరువాత ఓడరేవు వచ్చింది. ఇటువంటి మార్పుల్లో ఊరు వదిలినవారిని ‘వలస వెళ్లినవారు’ అని రాసే అలవాటు కొన్ని రచనల్లో కనబడుతుంది. వలసలో వెళ్లేవారి నిర్ణయానికి ఎంతో కొంత చోటుంది. నిర్వాసితత్వంలో ఆ చోటు లేదు. ‘నిర్వాసితులు’ అనే పదంలో ఎవరో ఖాళీ చేయించారన్న భావం ఉంది. ‘పునరావాసం’ అనే పదానికి చట్టపరమైన బాధ్యత ఉంది. ఉక్కు కర్మాగార నిర్వాసితులు తమను ‘ఆర్ కార్డుదారులు’ అని చెప్పుకొంటారు. పునరావాస కార్డునుబట్టి ఏర్పడిన ఆ మాట ఏ పారిభాషిక పదకోశంలోనూ చేరే రకం కాదు. కాని ఈ ప్రాంత సామాజిక చరిత్రలో అది ఒక వర్గానికి పేరు, ఒక హక్కుకు గుర్తు. దాన్ని ‘లబ్ధిదారులు’ అని మార్చి రాస్తే నష్టపోయినవారు మేలు పొందినవారవుతారు. పదం మార్పు ఇక్కడ శైలీభేదం కాదు, వాస్తవ విరుద్ధం.

7. సమీపార్థక పదాలు - పాటించవలసిన భేదాలు:

సిద్ధాంతవ్యాసాల్లో పర్యాయపదాలుగా వాడుతున్న కొన్ని పదాల మధ్య భేదాన్ని పై నిదర్శనాల వెలుగులో ఇలా నిర్ణయించుకోవచ్చు.

‘అధ్యయనం’ ఒక విషయాన్ని క్రమంగా చదివి ఆకళించుకోవడం. ‘పరిశీలన’ నిర్దిష్ట దృష్టితో గమనించడం. ‘విశ్లేషణ’ ఒకదాన్ని భాగాలుగా విడదీసి వాటి సంబంధాన్ని చూపడం. ‘వివేచన’ మంచిచెడులను, తారతమ్యాలను వేరుచేయడం. ‘పరిశోధన’ వీటన్నిటి సాయంతో ఇంతకుముందు తేలని విషయాన్ని తేల్చడం. యారాడమీద వచ్చిన రచనలన్నిటినీ చదివి సంగ్రహిస్తే అది అధ్యయనం. ఆ రచనలు సమాధానం చెప్పని ప్రశ్నకు ఆధారాలతో సమాధానం చెబితే అది పరిశోధన.

‘సిద్ధాంతం’ అనే పదం రెండు బరువులు మోస్తోంది. శాస్త్రసంప్రదాయంలో అది పూర్వపక్షాన్ని ఖండించి స్థాపించిన నిర్ణయం. ‘సిద్ధాంతవ్యాసం’ అనే పేరు ఆ అర్థంనుంచి వచ్చింది. సాహిత్య, సామాజిక శాస్త్రాల్లో అదే పదం విశ్లేషణకు చట్రంగా తీసుకొనే భావవ్యవస్థకు వాడుతున్నారు. ఒకటి వ్యాసం చివర చేరేది, మరొకటి ఆరంభంలో తీసుకొనేది. రెంటినీ కలిపివేసినవారు నిరూపించవలసినదాన్ని ముందే అంగీకరించే ప్రమాదం ఉంది. పూర్వపక్షాన్ని న్యాయంగా వినిపించకుండా సిద్ధాంతం చేయరాదన్న ప్రాచీన నియమం నేటి ‘పూర్వ పరిశోధనల సమీక్ష’ అధ్యాయానికీ వర్తిస్తుంది. గ్రంథాల పేర్లను వరుసగా పేర్కొనడం సమీక్ష అనిపించుకోదు.

‘సమాచారం’ పరిశోధకుడికి చేరిన ప్రతి విషయం. ‘దత్తాంశం’ ప్రశ్నకు సంబంధించి ఎంపికై, నమోదై, మరొకరు సరిచూడడానికి వీలుగా ఉన్న విషయం. దత్తాంశం అంటే ఇచ్చిన అంశం. క్షేత్రపరిశోధనలో దాన్ని ఇచ్చినవారు ‘విషయదాత’. దత్తం, దాత రెండూ ఒకే ధాతువునుంచి వచ్చాయి. ఇచ్చినవారి సమ్మతి, ఇచ్చిన సందర్భం నమోదు చేయకుండా ఇచ్చినదాన్ని మాత్రమే తీసుకోవడం పద్ధతి రీత్యా అసంపూర్ణం.

‘ఆధారం’, ‘ప్రమాణం’, ‘ఉపపత్తి’ కూడా ఒకటి కాదు. ఒక వృద్ధుడి జ్ఞాపకం ఆధారం. ఆ జ్ఞాపకాన్ని ఏ మేరకు స్వీకరించవచ్చో చెప్పేది ప్రమాణం. ఆధారంనుంచి నిర్ణయానికి దారితీసే యుక్తి ఉపపత్తి. ఆధారాలు పుష్కలంగా ఉండి ఉపపత్తి లేని వ్యాసం సేకరణగా మిగులుతుంది.

8. అంతర్జాల దశ:

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నియమావళి ప్రకారం సిద్ధాంతవ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించవలసి వచ్చింది. శోధ్‌గంగ నిధిలో అనేక తెలుగు సిద్ధాంతవ్యాసాలు అందుబాటులోకి వచ్చాయి. 2018 నియమావళి గ్రంథచౌర్యాన్ని సామ్యశాతాన్నిబట్టి స్థాయిలుగా విభజించింది. పది శాతం వరకు సామ్యానికి శిక్ష లేదు. ఈ వ్యవస్థ పాఠ్యాన్ని యంత్రం చదవగలదన్న భావనమీద నిలిచింది. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చేరినా, ముద్రణకోసం రూపొందిన యూనికోడేతర ఖతులతో టైపు చేసిన వ్యాసాలు చాలా ఉన్నాయి. అవి కంటికి తెలుగుగా కనబడినా వెదుకులాటలో దొరకవు. ‘నిర్వాసితులు’ అని వెదికిన విద్యార్థికి ఆ విషయంమీదే రాసిన పాత వ్యాసం కనబడకపోతే, చేసిన పనే మళ్లీ జరుగుతుంది. ముందు చేసినవారి కృషికి గుర్తింపూ దక్కదు.

వెదుకులాటలో దొరకడానికి పదాల నిలకడ కూడా అవసరం. ఒకే భావనకు పరికల్పన, ప్రాక్కల్పన, ప్రతిపాదన అని మూడు పదాలు ఒకే వ్యాసంలో మారుతూ ఉంటే పాఠకుడూ యంత్రమూ అవి మూడు భావనలనే గ్రహిస్తారు. సృజనాత్మక రచనలో పునరుక్తి దోషం కావచ్చు. పరిశోధన రచనలో ఒక భావనకు ఒకే పదాన్ని మళ్లీ మళ్లీ వాడడం గుణం.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. తెలుగు పరిశోధన పరిభాష తర్కశాస్త్రం, గ్రంథపరిష్కరణ, విశ్వవిద్యాలయం, పదకోశం అనే నాలుగు పొరలుగా ఏర్పడింది. ప్రతి పొరలోని పదాలూ ఒక నిర్దిష్టమైన పనిలో పుట్టినవి.

2. అనుమానం, ఉపాధి, సాధ్యం, పరిష్కరణ, సిద్ధాంతం వంటి పదాల్లో శాస్త్రార్థానికీ నేటి అర్థానికీ వైరుధ్యం ఉంది. తొలి ప్రయోగంలోనే వీటిని నిర్వచించాలి.

3. పారిభాషిక పదకోశాలు, వృత్తిపదకోశాలు ఒకదానికొకటి పూరకాలు. మొదటివి పరిశోధనకు పద్ధతిని, రెండోవి విషయాన్ని సమకూరుస్తాయి. అలివి వల, సరంగు, జిరాయితీ, ఆర్ కార్డు వంటి పదాలను క్షేత్రంలో ఉన్నట్లే స్వీకరించి, వాటికి వివరణ జోడించాలి.

4. వలస, నిర్వాసితత్వం వంటి పదాల ఎంపిక శైలికి సంబంధించిన విషయం కాదు. బాధ్యత ఎవరిదన్న నిర్ణయం ఆ ఎంపికలోనే ఉంటుంది.

5. పరిశోధక విద్యార్థుల ప్రవేశపూర్వక పాఠ్యక్రమంలో పదాల జాబితాతోపాటు పదచరిత్రను, స్థానిక క్షేత్రానికి వాటి అన్వయాన్ని చేర్చడం అవసరం. ఇందుకు ప్రతి కళాశాల తన చుట్టూ ఉన్న ఒక ఊరిని నిదర్శనంగా తీసుకోవచ్చు. తీరప్రాంత వృత్తిపదాలను యూనికోడ్‌లో సేకరించి అందరికీ అందుబాటులో ఉంచడం ఉత్తరాంధ్ర తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని. ఆ పదాలు తెలిసిన తరం ఇంకా తీరంలో ఉంది.